బండ సందుల గింజ

మా ఊళ్ళో బాలమణి అవ్వ తిట్లు తినని మనిషి లేడు. ఉన్నాడంటే వాడు మా ఊరివాడు కాడు. నేనైతే రోజూ తింటాను. పొద్దున కుట్టుమిషను బయటికి తీసేటప్పుడు కొన్ని, పొద్దుగూకి లోపల పెట్టేటప్పుడు కొన్ని. అయినా సరే, ఆమెను ఇంకెవరైనా ఒక్క మాట తేలిగ్గా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. తిట్టే హక్కు ఆమెది, పడే హక్కు మాది. మధ్యలో బయటివాళ్ళకు పనేమిటి?

నా పేరు నర్సింహులు, దర్జీని. మా ఊరు లింగాలకు పోయే రోడ్డు మీద ఉంది. బస్సు ఆగే చోట యాదయ్య ఇంటి అరుగు మీద కూర్చుని కుడతాను. అరుగు ఇచ్చినందుకు యాదయ్యకు పుణ్యం ఉంటుంది గానీ, ఎంతైనా అరుగు అరుగే. వాళ్ళింట్లో పిల్లకు చెవులు కుట్టించినా నా మిషను వీధిలోకి రావాల్సిందే. వాన జల్లు కొడితే గుడ్డల మీద పరదా కప్పి నేను తడుస్తాను. మా వైపు దుకాణం గదిని మడిగె అంటారు. రోడ్డు మీద ఒక మడిగె, దానికో తలుపు, ఆ తలుపుకు నా తాళం. పెళ్ళయిన నాటి నుంచి ఇదే నా కోరిక, ఇదే మా ఇంటిదాని సతాయింపు.

నా అరుగుకు ఎదురుగా, రోడ్డు అవతల, పెద్ద పరుపు బండ ఉంది. భూమిలోంచి తనంతట తాను పైకి తేలిన బండ. ఎవరి పట్టా కాదు, ఊరిది. ఊరి ఆముదాలన్నీ దాని మీదే ఎండుతాయి. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని సామెత చెప్పి నవ్వేవాళ్ళు ఉంటారు. నవ్వండి, నాకేం. నీళ్ళు లేని ఈ ఎర్ర చెలకల్లో మా పిల్లల్ని సాకిన మహావృక్షం ఇంకేదన్నా ఉంటే దాని పేరు కూడా చెప్పి నవ్వండి.

ఆ బండకు రోడ్డు వైపు మూల బాలమణి అవ్వ కూర్చుంటుంది. కింద గోనె సంచి, పక్కన నీళ్ళ కుండ, చేతిలో పొడుగాటి కర్ర, నెత్తి మీద నేను అతుకులు వేసిన నల్ల గొడుగు. మేకలు, కోళ్ళు, పందులు, చుట్టపు చూపుగా వచ్చిన పరాయి ఊరి ఆవులు, ఏవీ గింజ ముట్టకుండా కాపలా కాస్తుంది. బండ మీద అడుగు పెడితే ఎవరైనా చెప్పులు విడవాల్సిందే. తినే గింజ కాకపోయినా అన్నం పెట్టే గింజ అంటుంది. మేకలకు వాటి యజమానుల పేర్లే పెట్టింది. యాదయ్య మేకను "యాదిగా" అని పిలిచి, దాని వంశాన్నంతా ఏడు తరాల దాకా తిడుతుంటే ఎదురింట్లో యాదయ్య ముద్ద దిగక కూర్చుంటాడు. మేకనే అంటోంది కదా, ఏమని తగాదాకు పోతాడు?

ఆమె పుట్టిల్లు వీపనగండ్ల. మల్లన్నను చేసుకుని ఈ ఊరికి వచ్చింది. మల్లన్న మంచివాడే గానీ పనికంటే ముందు పాట అందుకునే రకం. ఇద్దరూ మేస్త్రీల వెంట లారీలెక్కి దేశాలు తిరిగారు. కాలువలు తవ్వారు, పుణెలో, బొంబాయిలో మేడలకు ఇటుకలు మోశారు. తాను మోసిన ఇటుకల మీద ఎక్కడెక్కడో ఎవరెవరో దుకాణాలు నడుపుతున్నారని చెప్పి మురిసిపోయేది, అవి తన సొంతమైనట్టు. మల్లన్న కామెర్లతో పని దగ్గరే పోయాడు. అవ్వ అరిగిపోయిన మోకాళ్ళతో ఊరికి తిరిగొచ్చింది. ఉన్న ఒక్క బిడ్డ అయిజలో కాపురం చేస్తోంది. రమ్మంటే, నా బండను ఎవరు చూస్తారని పోదు.

ఆ బండ ఆమెదెలా అయిందంటే, ఎవరూ ఇవ్వలేదు. ఊరికి వచ్చిన కొత్తలో ఏం తోచక అక్కడ కూర్చుని ఎవరి మేకనో అదిలించింది. ఆ సాయంత్రం కుప్ప ఎత్తుకునే రైతు, సందుల్లో పడ్డ గింజ ఏరుకోమని చెప్పిపోయాడు. అంతే, అదే ఊరి కట్టుబాటైంది. కుప్ప రైతుది, బండ సందుల గింజ బాలమణిది. ఆముదం కాయ మధ్యాహ్నం ఎండకు చిటుక్కున పగిలి గింజను దూరంగా ఎగరేస్తుంది. అలా ఎగిరిన గింజ బండ నెర్రెల్లో పడుతుంది. తలలోని పిన్నుతో ఒక్కొక్కటే బయటికి లాగుతుంది అవ్వ. ఎంత పిసినారి రైతైనా నెర్రెలో వేలు పెట్టడం నేను చూడలేదు.

నా మీద ఆమెకు అభిమానం ఎందుకంటే, నేను పని నేర్చుకున్నాక మొదట కుట్టిన రవికె ఆమెదే. ఒక చెయ్యి పొడుగు, ఇంకో చెయ్యి పొట్టి. దాన్ని చిరిగేదాకా తొడిగింది. ఎవరన్నా నవ్వితే, కుట్టినవాడిది బాగానే ఉంది, నా చెయ్యే వంకర అనేది. నా ముందు మాత్రం ఆ రవికెను పట్టుకుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ఇట్లా ఉండగా కిందటేడు పంచాయతీవాళ్ళకు రోడ్డు పక్కన మడిగెలు కట్టాలని బుద్ధి పుట్టింది. మా సర్పంచు శ్రవణ్ కుమార్ కుర్రవాడు, చెడ్డవాడేం కాదు. ఊళ్ళో మందుల దుకాణం లేదు, సిమెంటు బస్తా కావాలన్నా లింగాల పోవాలి, మనకూ నాలుగు మడిగెలుంటే ఊరు ఊరిలా ఉంటుందని అతని ఆలోచన. అదీ నిజమే. బండ మీదైతే పునాది తవ్వే బాధ లేదని ఇంజనీరు చెప్పాడట. ఆ మాట వినగానే నేను పోయి ఒక మడిగె నాకు ఇవ్వాలని అడిగి వచ్చాను. బండ చాలా పెద్దది కదా, ఓ పక్కన కడతారు, ఆముదాలు ఇంకో పక్కన ఎండుతాయి అనుకున్నాను. నా ఆశకు ఆ బండ అంత పెద్దదిగా కనిపించింది మరి.

ఇంజనీరు కొలతలకు వచ్చిన రోజు అవ్వ ఆయన బూట్లు విప్పించింది. మిట్టమధ్యాహ్నం, బండ పెనంలా కాలుతోంది. ఆయన టేపు పట్టుకుని కుప్పిగంతులు వేస్తుంటే జాలిపడి చల్ల తాగించింది. కొలతలు ఎందుకని ఆమె ఎవరినీ అడగలేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. సర్కారు తనకు నీడకు రేకుల కొట్టం వేస్తోందని తనే అనుకుని, బస్సు దిగిన వాళ్ళందరికీ చెప్పింది. నిజం చెప్పడానికి ఊళ్ళో ఒక్కడికి దమ్ము లేదు. అందులో నేనూ ఉన్నాను, ఏం చెయ్యను?

కట్టాలంటే గ్రామసభ ఒప్పుకోవాలి. మా ఊరి గ్రామసభ సంగతి తెలిసిందే, కుర్చీలు ఎక్కువ, మనుషులు తక్కువ. ఈసారి అలా కాకూడదని పంచాయతీ కార్యదర్శి జయశ్రీ పట్టుబట్టింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల, చదువుకున్న తెలుగు మాట్లాడుతుంది. చాటింపు వేసే శాంతయ్యను పిలిచి, "వాణిజ్య సముదాయానికి ఆమోదం కోసం గ్రామసభ" అని నిదానంగా చెప్పి పంపింది. ఆమోదం అనే మాట శాంతయ్య పుట్టి బుద్ధెరిగి విన్నవాడు కాదు. ఆముదం మాత్రం పుట్టిన నాటి నుంచి మోస్తున్నాడు. వాణిజ్యం అంటే బేరసారాలని ఎవరో చెప్పగా తెలుసు. రెండూ కలిపితే ఏమైంది? సర్కారు ఆముదాలు కొంటోంది, ఉన్నవాళ్ళు లేనివాళ్ళు అందరూ రావాలె అని డప్పు కొట్టి మూల మూలకూ చాటాడు.

తెల్లారి చూస్తే పంచాయతీ ముందు జాతర. ఊళ్ళో ఆముదం వేసిన ఇల్లన్నది ఏదీ మిగలకుండా వచ్చింది. కొందరు కొంగున కట్టుకొచ్చారు, కొందరు సంచులు దించారు. అవ్వ బండను వదిలి రాదు కాబట్టి సీజనంతా ఏరిన సందుల గింజను సంచిలో పోసి నా భుజాన పెట్టింది. జర ముందల నిలబడి నా గింజ గూడ అమ్మిపెట్టు, ఎనక నిలబడి పండ్లికిలించకు అని హెచ్చరించి పంపింది.

జయశ్రీ మైకు అందుకుని ఇంతమంది రావడం సంతోషమంది. వెనక నుంచి ఎవరో రేటెంత అని అడిగారు. దేని రేటు అని ఆమె అడిగింది. ఇట్లా కాసేపు ఒకరి మాట ఒకరికి అందక, చివరికి అందరి చూపూ శాంతయ్య మీద పడింది.

"మీరే అంటిరి గదమ్మా, ఆముదం అని," అన్నాడు శాంతయ్య.

"ఆమోదం, శాంతయ్యా. ఆమోదం."

"నేనన్నది గూడ గదే గద."

జనం నవ్వారు గానీ, సంచులు మోసుకొచ్చిన వాళ్ళ మొహాలు మాత్రం ఆముదం తాగినట్టే అయ్యాయి. తిరిగి పోబోయేవాళ్ళను శ్రవణ్ కుమార్ ఆపి మడిగెల సంగతి చెప్పాడు. ఎక్కడ కడతారని అడిగితే బండ మీద అన్నాడు. బండ మీద అంటే ఎక్కడ, ఏ పక్క అని గొడవ లేచింది. కాగితంలో చూపిస్తే ఎవరికీ తల తోక తెలియలేదు. సరే, అక్కడికే పోయి ముగ్గు పోసి చూపిద్దామని సభ సభంతా లేచి బండ దారి పట్టింది. అవ్వ సంచి నా భుజం మీదే ఉంది.

అంతమంది వస్తుంటే అవ్వ ఏమనుకుందో తెలుసా? సర్కారువాళ్ళే కొనడానికి తన బండ కాడికి వస్తున్నారనుకుంది. కొంగు సర్దుకుని లేచి నిలబడింది. జయశ్రీ కూర్చోవడానికి తన గోనె సంచి దులిపి పరిచింది. అందరి చేతా చెప్పులు విడిపించింది. అన్ని జతలు ఒక్కచోట విడిస్తే ఎవరివి ఎవరికి పోతాయోనని జనం చెప్పులు చేత పట్టుకునే బండ ఎక్కారు. శ్రవణ్ కుమార్ తల వంచుకుని, ఎండుతున్న కాయల మధ్య నుంచి తెల్లటి గీత పోసుకుంటూ పోయాడు. గీత రోడ్డు పొడుగునా పోయింది, లోపలికి తిరిగింది, బండ మొత్తాన్నీ చుట్టుకుని వచ్చి అవ్వ నీళ్ళ కుండ కాడ ఆగింది. నేను అనుకున్నంత పెద్దది కాదు ఆ బండ.

పండుగ లేదు పబ్బం లేదు, నా బండ మీద ముగ్గేందని అవ్వ నవ్వుతూనే అడిగింది. శ్రవణ్ కుమార్ చేతిలోని ముగ్గు కింద పెట్టాడు. ఇక తప్పదని చెప్పేశాడు. మడిగెలు వస్తాయి, ఊరు బాగుపడుతుంది, ఆముదాలు ఎవరి ఇళ్ళ మీద వాళ్ళు ఎండబెట్టుకోవాల్సి ఉంటుంది, అవ్వకు ఏదన్నా చూద్దాం అన్నాడు.

అవ్వ నోరు ఎత్తలేదు. నేను పుట్టాక ఆమె నోరు మూతపడటం అదే చూడటం. తిడితే ఎంత బాగుండు అనిపించింది నాకు. వంగి గీతను చూసింది, తన మూలను చూసింది.

"గీ మూల మడిగె ఎవరిది?" అంది చివరికి.

"ఇంకా ఎవరికి ఇయ్యలేదవ్వా," అన్నాడు శ్రవణ్ కుమార్. "నర్సింహులన్న అయితే ఒకటి అడిగిండు. దర్జీకి మూలనే బాగుంటదని అనుకున్నం."

అవ్వ నా వైపు చూసింది. ఆమె గింజల సంచి నా భుజం మీద మణుగులు మణుగులు బరువైంది. ఎక్కడికన్నా పారిపోదామంటే చుట్టూ మనుషులు.

"వేరేటోనికైతే ఈ కర్ర ఇరిగినా లెవ్వకపోదును," అంది అవ్వ. "వానికైతే లేస్త. మంది అరుగుల మీద కూసుండి ఎన్నేండ్ల సంది కుడుతుండో నాకు తెల్వదా? వానికొక తలుపుండాలె. నా బిడ్డ అయిజకు రమ్మంటనే ఉంది. పోత."

అని కుండలో నీళ్ళు బండ మీద పారబోసింది. జయశ్రీ ఇంకా గోనె సంచి మీదే కూర్చుని ఉంది. లెవ్వమ్మా అని మెల్లగా ఆమెను లేపి, సంచి మడత పెట్టి చంకన పెట్టుకుంది. కర్ర అందుకుంది. మోకాళ్ళు సహకరించక ఒక్క క్షణం తూలింది. ఊరంతా చెప్పులు చేత పట్టుకుని చూస్తోంది.

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే చెప్పలేను. ఏడుపు రావాల్సిన చోట నాకు కోపమే వస్తుంది, అది నా పుట్టుక. పోయి ఆమె చంకలో సంచి లాగి మళ్ళీ అక్కడే పరిచాను.

"కూసో అవ్వా," అని అరిచాను. "నిన్ను లేపి గాడ నేను కూసుంటే సూదిల దారం ఎక్కుతదా నాకు? నువ్వు అయిజకు పోతే పొద్దుగాల నన్నెవరు తిడ్తరు? వద్దు. నాకు మడిగె వద్దు, తలుపు వద్దు. కూసో ముందుగాల."

"గంతగనం మొత్తుకోకు, కాయలల్ల ఉమ్ము పడ్తది," అంది అవ్వ. అని కూర్చుంది.

అప్పుడు కదిలింది ఊరు. ఆముదాలు ఇళ్ళ మీద ఎండబెట్టమంటే రేకులిళ్ళ మీద ఎట్లా ఎండబెడతారు, గింజ ఎగిరి మోరీ మురుగులో పడితే ఎవరు ఏరిస్తారు అని తలా ఒక మాట అందుకున్నారు. తమాషా ఏమిటంటే, శాంతయ్య చాటింపు సరిగ్గా వేసి ఉంటే వీళ్ళలో ఒక్కరూ వచ్చేవాళ్ళు కాదు. ఆమోదం అంటే రాని ఊరు ఆముదం అంటే వచ్చింది. సరిగ్గా ఎవరు రావాలో వాళ్ళే వచ్చారు.

మడిగెలు అసలు వద్దని కూడా ఎవరూ అనలేదు. మందుల దుకాణం అందరికీ కావాలి. బస్సు ఆగే చోటికి వెనక పాత బందెలదొడ్డి ఉంది. ఒకప్పుడు చేలో పడ్డ పశువుల్ని పట్టి కట్టేసేవాళ్ళు అందులో. ఇప్పుడు సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేదు. అక్కడ కట్టమన్నారు. అక్కడైతే మన్ను, పునాదికి లోతు తవ్వాలి, ఇంజనీరు ఒప్పుకోడని శ్రవణ్ కుమార్ గొణిగాడు. అప్పుడు యాదయ్య ముందుకొచ్చాడు. ఎప్పుడూ నోరు విప్పని యాదయ్య, మేక పేరుతో ఇన్నేళ్ళు తిట్లు తిన్న యాదయ్య.

"దేశమంత కాల్వలు తవ్వినోళ్లం," అన్నాడు. "మన ఊర్ల నాలుగు మడిగెలకు పునాది తవ్వలేమా? ఇంటికొక మనిషి గడ్డపార పట్టుకొని వస్తడు. రానోని ఇంటికి బాలమణిని తోలుదం."

ఆ చివరి మాటకే అందరూ దిగివచ్చారని నా అనుమానం. జయశ్రీ పద్ధతి ప్రకారం అడిగింది. బండ మీద కట్టడానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంది. ఒక్క చెయ్యీ లేవలేదు. బందెలదొడ్డిలో కట్టడానికి ఒప్పుకునేవాళ్ళు ఎత్తమంది. ఊరంతా ఒక్కసారే చేతులెత్తింది. ఎత్తిన ప్రతి చేతిలోనూ చెప్పులున్నాయి. పాపం, ఆ పిల్ల తనను కొట్టడానికనుకుని రెండడుగులు వెనక్కి వేసింది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. శ్రవణ్ కుమార్ కూడా ఎత్తాడు. అతని చేతిలోనూ చెప్పులే, పైగా కొత్తవి.

మాట అన్నంత సులువుగా పని కాలేదు. పునాది తవ్వడానికి వస్తానన్నవాళ్ళలో కొందరికి సరిగ్గా ఆరోజే నడుము నొప్పులు వచ్చాయి. అవ్వను తోలకుండానే, ఆమె పేరు చెబితేనే నొప్పులు తగ్గాయి. ఎలాగైతేనేం, ఏడాది తిరిగేసరికి మడిగెలు లేచాయి. వద్దని అంతమందిలో అరిచినవాడిని కదా, నేను పోయి అడగలేదు. శ్రవణ్ కుమారే తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాడు. మూలది కాదు, నడిమిదొకటి. మధ్యాహ్నం ఎండ నేరుగా మొహాన కొడుతుంది. కొట్టనీ. దానికి తలుపుంది.

మడిగె తెరిచే రోజు పొద్దున్నే మా ఇంటిది గడపకు పసుపు రాసింది. మిషను లోపల పెట్టాం. దీపం పెడదామంటే ఇంటి దగ్గర నూనె సీసా మరిచి వచ్చామని తెలిసి ఒకరినొకరు అనుకుంటున్నాం. అంతలో కర్ర చప్పుడు. ఆముదాలు ఎండే రోజుల్లో బండ దిగని మనిషి, బాలమణి అవ్వ, తుమ్మ మొద్దులు దాటుకుంటూ వస్తోంది. బండ మీద శాంతయ్యను కాపలా పెట్టి వచ్చిందట. వాడు మేకకు కోడికి తేడా తెల్వనోడు, తొందరగా పోవాలె అంది.

గడప దగ్గర ఆగి చెప్పులు విడిచింది. ఎందుకవ్వా, వేసుకునే రా అన్నాను.

"నా బండ మీద నువ్వు ఇడిసినవా లేదా?" అంది.

లోపలికి వచ్చి తలుపును చేత్తో తట్టి చూసింది, తాళాన్ని చూసింది. గోడలు చూసింది. ఇటుకలు వరసగానే పేర్చారు, ఫరవాలేదంది. కొంగులోంచి చిన్న సీసా తీసింది. ఆ సందుల గింజనే వేయించి, దంచి, నీళ్ళలో కాచి, తేరిన నూనె తీసిందట. చిక్కగా, పచ్చగా ఉంది. నా చేతిలో పెట్టింది.

"సభల అందరినీ అడిగిరి, నన్ను అడగనే లేదు," అంది. "ఇగో, నా ఆముదం."